మస్కట్ నుంచి చంద్రుడు

జనవరి 28

తొమ్మిదో తరగతికి ఈ రోజు పాఠం పక్కన పెట్టి నక్షత్రాల దూరం చెప్పాను. సిలబస్‌లో లేదు. హెడ్మాస్టర్ రామచంద్రం సారు వరండాలోంచి తొంగిచూసి వెళ్లారు.

అందరినీ బొటనవేలు ముక్కు ముందు పెట్టుకొని ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను మూసి చూడమన్నాను. వేలు బోర్డు మీద అటూ ఇటూ దూకింది. వేలు కదల్లేదు, చూసే చోటు మారింది. రెండు కళ్ల మధ్య ఎడం ఉంది కాబట్టి అట్లా కనబడింది. ఆ దూకుడు ఎంతో కొలిస్తే వేలు ఎంత దూరంలో ఉందో చెప్పొచ్చు. చెయ్యి చాపితే దూకుడు తగ్గుతుందని వాళ్లే కనిపెట్టారు. నక్షత్రాలకు కళ్ల ఎడం చాలదు, భూమి ఈ కొస నుంచి ఆ కొస కూడా చాలదు. అందుకే ఒకసారి చూసి, ఆరు నెలలు ఆగి, భూమి సూర్యుడికి అటు పక్కకు పోయాక మళ్లీ చూస్తారు.

"ఇంకా దూరమున్నయి ఎట్ల కొలుస్తరు మేడం?" అని రోజారాణి అడిగింది. మంచి పిల్ల, అడుగుతుంది. ధర్మపురి రోడ్డు మీద చీకట్లో బైకు లైటు చిన్నగా కనబడితే బైకు దూరంగా ఉందని మనకెట్లా తెలుస్తుంది అని తిరిగి అడిగాను. దగ్గరికొస్తే లైటు ఎంతుంటుందో ముందే తెలుసు కాబట్టి. ఆకాశంలో కూడా కొన్ని నక్షత్రాలు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటాయి. ఎంత నిదానంగా ఉబ్బితే అంత పెద్ద దీపం. అట్లాంటివి వేరే గెలాక్సీల్లో దొరికితే, ఎంత మసకగా ఉన్నాయో చూసి ఆ గెలాక్సీ దూరం చెబుతారు. నడుమ దుమ్ముంటే, అన్నాడు భానుప్రసాద్. దుమ్ముంటే ఉన్నదానికంటే దూరం అనుకొని మోసపోతాం. పెద్దపెద్ద శాస్త్రవేత్తలే మోసపోయారు.

సృజన చివరి బెంచీలో రెండు కళ్లూ తెరుచుకునే కూర్చుంది. నా కూతురు బడిలో నన్ను మేడం అంటుంది, ఇంట్లో ఏమీ అనదు.

జనవరి 31, శుక్రవారం

శుక్రవారం ఆయనకు సెలవు. మస్కట్ నుంచి పొద్దున్నే ఫోను వస్తుంది. మొదట అత్తమ్మ, తర్వాత నేను, చివర సృజన. సృజన మాటలు నేను ముందే రాసిపెట్టగలను. "బాగున్న. తిన్న. అమ్మకిస్తున్న."

నాకు నిరుడు గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది కాబట్టి మల్లేష్ ఏప్రిల్‌లో పూర్తిగా వచ్చేస్తున్నాడు. ఇక పోడు. ఈ పిల్లకు పదమూడేళ్లు. తండ్రి ఇంట్లో ఉన్న రోజులన్నీ కలిపినా ఏడాది దాటదు. వచ్చాక ఆయన్ని చుట్టపుచూపుగా వచ్చిన మనిషిని చూసినట్టు చూస్తే ఏం చెయ్యాలి? ఇక్కడ రాసుకుంటాను గాని, అత్తమ్మ ముందు అనలేను.

ఫిబ్రవరి 2

మా ఇంట్లో గడియారాలు రెండు. వంటింట్లోది మనది. తలుపు మీదిది మస్కట్‌ది, గంటన్నర వెనక. ఆయన మొదటిసారి పోయినప్పుడు అత్తమ్మ పెట్టించింది. "నా కొడుకు గడియారం" అంటుంది. దాన్ని చూసి, ఇప్పుడు డ్యూటీ ఎక్కిండు, ఇప్పుడు బువ్వ తింటుండు అనుకుంటూ తన పని తాను చేసుకుంటుంది. నేను కూడా ఆయనకు ఏ సంగతి చెప్పినా ఆ గడియారం చూసే చెబుతాను. ఎనిమిదికి ఫోన్ చెయ్యి అంటే ఆయన ఎనిమిది. ఇన్నేళ్ల అలవాటు.

ఇవాళ నేనే ఫోన్ చేశాను. వేలికి రెండు కళ్లు చాలు. చంద్రుడికైతే ఒక కన్ను ఇక్కడుండాలి, ఒక కన్ను మస్కట్‌లో ఉండాలి.

"చంద్రుని ఫోటోనా? నా ఫోనుల మంచిగ వస్తదా?" అన్నాడు.

"మంచిగ రాకున్న ఏం కాదు. పక్కన రెండు చుక్కలు గూడ పడాలె. బాగ మెరిసేది గురుడు, జర ఎర్రగుండేది రోహిణి. గా చుక్కలు చానా దూరం, అవి జరగయి. వాటి ముందల చంద్రుడు నీకో తీరుగ, మాకో తీరుగ జరిగి కనవడ్తడు. గంతే."

"ఎవరు తీస్తరు ఆడ?"

"సృజన. ఇద్దరు ఒక్కటే నిమిషానికి తియ్యాలె."

"సృజన తీస్తదా? అయితే తప్పక తీస్త. ఫికర్ జేయకు" అన్నాడు.

నిజానికి చంద్రుడి దూరం పుస్తకంలోనే ఉంది. నాకు కావలసింది అది కాదు.

ఫిబ్రవరి 5

క్లాసులోనే, పిల్లలందరూ చూస్తుండగా, ఆయనకు మెసేజ్ పెట్టాను. రేపు రాత్రి ఎనిమిదిన్నరకు, ఒక్క నిమిషం అటు ఇటు కావద్దు అని. సృజన నా భుజం మీదుగా చదివింది. "బాపుకు గురుడు ఏదో తెలుస్తదా?" అని తనంతట తానే అడిగింది. తండ్రి గురించి తానుగా ఒక మాట అడగడం ఎప్పుడు విన్నానో నాకు గుర్తు లేదు.

ఫిబ్రవరి 6

సృజన వాకిట్లో స్టూలు మీద ఇటుక, ఇటుక మీద ఫోను పెట్టి, కదలకుండా ఊపిరి బిగబట్టి తీసింది. చంద్రుడు, గురుడు, రోహిణి ముగ్గురూ వచ్చారు. మస్కట్ ఫోటో కోసం ఫోను పట్టుకొని అరుగు మీద కూర్చుంది. తొమ్మిదైంది. రాలేదు. ఆయనకు ఫోన్ చేస్తానంటే వద్దంది. "యాది మరిచిండు. మరుస్తడని నాకెరుకే" అంది.

పదికి వచ్చింది. కింద రాశాడు: ఎనిమిదిన్నర, టంచనుగ.

నేను తలుపు మీది గడియారం చూశాను. ఎనిమిదిన్నర. నవ్వొచ్చింది. క్లాసులో కూర్చొని, బడి గడియారం కింద మెసేజ్ పెడుతూ మన టైము రాశాను. ఆయనేమో నేను ఎప్పటిలాగే తన టైము చెప్పాననుకున్నాడు. సృజనకు చెప్పాను, తప్పు నాది, ఎవరి టైమో రాయలేదని. అది నవ్వలేదు. "ఒక్కసారి అడగొచ్చు గదా. అందరు బాపులు అడుగుతరు" అని లోపలికి పోయింది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఫోను వచ్చింది. ఆయనే ముందు మాట్లాడాడు, తప్పైంది బిడ్డా అని. స్పీకరులో ఉంది, అందరం విన్నాం. సృజన అంది, "నువ్వెప్పుడు గంతే బాపు. దేనికీ టైముకు రావు." ఫోను నా చేతిలో పెట్టేసింది.

ఆయన కోపం చేయలేదు. "నిజమే అన్నది. పెద్దమనిషైనప్పుడు గూడ రాకపోతి" అన్నాడు. "చంద్రుడు మళ్ల గాడికే ఎప్పుడొస్తడు?"

"మార్చి ఆరుకు."

"గప్పుడు తీస్తం. ఈసారి టైము సృజననే చెప్పుమను. ఎవరి టైమో గూడ చెప్పుమను."

ఫిబ్రవరి 10

తప్పని తెలిసీ క్లాసులో లెక్క చేయించాను. తప్పు ఎట్లా బయటపడుతుందో చూస్తారని. చేయించకుండా ఉండాల్సింది. ధర్మపురికీ మస్కట్‌కూ మధ్య సూటిగా రెండువేల రెండువందల కిలోమీటర్లు. రెండు ఫోటోల మధ్య చంద్రుడు తన వెడల్పుకు ఒకటిన్నర రెట్లు పైనే జరిగాడు. దానిబట్టి చంద్రుడి దూరం లక్షన్నర కిలోమీటర్లు వచ్చింది. ఉండాల్సింది నాలుగు లక్షలకు కాస్త తక్కువ. "సృజన వాళ్ల బాపు చంద్రుని కిందికి గుంజిండు మేడం" అన్నాడు భానుప్రసాద్. క్లాసంతా నవ్వింది. నేను కూడా కొంచెం నవ్వాను.

ఇంటికొచ్చాక చూస్తే సృజన ఆ రెండు ఫోటోలనూ తన ఫోనులోంచి తీసేసింది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

సృజన తలస్నానం చేస్తోందని చెప్పాను. నిజంగానే చేస్తోంది.

ఫిబ్రవరి 17

ఆయన రోజుకో చంద్రుణ్ణి పంపుతున్నాడు. కొన్ని మసక, కొన్నింట్లో కరెంటు స్తంభం, ఒకదాంట్లో ఆయనతో పాటు రూములో ఉండే ముత్యం తలకాయ. "ప్రాక్టీసు" అని రాస్తాడు. సృజనకు చూపిస్తే "చూసిన" అంటుంది, చూడకుండానే.

ఫిబ్రవరి 21, శుక్రవారం

సృజన రోజారాణి ఇంటికి పోయింది. ఫోను వచ్చే వేళకే పోయింది. "ఇంక కోపమేనా?" అన్నాడు. పిల్లల కోపం ఎన్నిరోజులుంటది అన్నాను. "ఏప్రిల్‌ల వచ్చినంక దినాం బడికి నేనే తోల్కపోత. గప్పుడు ఏడికి వోతదో చూస్త" అని నవ్వాడు. గొంతు అలసటగా ఉంది. అక్కడ పని ఎక్కువ.

ఫిబ్రవరి 23

ముత్యం ఫోన్ చేశాడు. "వదినా, అన్నకు జర ఛాతీల నొప్పొచ్చింది. దవాఖానకు తీస్కపోయిన్రు. నువ్వు పరేషాన్ గాకు." అంతే చెప్పాడు. మస్కట్ దవాఖానలు మంచివని అంటారు.

ఫిబ్రవరి 24

బడికి పోలేదు. ముత్యం ఫోను ఎత్తడం లేదు, డ్యూటీలో ఉంటాడు. పక్కింటి రామవ్వ చాయ పెట్టి తెచ్చింది. ఎందుకని అడిగితే, ఊకనే అంది. డాక్టర్లు ఆయన్ని మాట్లాడవద్దని ఉంటారు. గుండె నొప్పికి అట్లాగే అంటారు.

అదే రోజు, సాయంత్రం

వాకిట్లో మగవాళ్లు కుర్చీలు వేసుకొని కూర్చున్నారు. ఎవరూ నా ముఖం చూడటం లేదు. ఛాతీ నొప్పికి ఇంతమంది రారు. ఆయన దవాఖానలో ఉన్నాడు అని మళ్లీ రాస్తున్నాను. ఆయన దవాఖానలో ఉన్నాడు.

ఫిబ్రవరి 25

మల్లేష్ లేడు.

శనివారం పొద్దున ముత్యం లేపితే లేవలేదట. నిద్రలోనే పోయాడు. ఊరికి ఆ రోజే తెలిసింది. నాకు ఇవాళ చెప్పారు. మా దిక్కు దుబాయి, మస్కట్‌ల చావు కబురు ఊరంతా తిరిగి చివరికి భార్య దగ్గరికి వస్తుంది. దాన్ని దయ అనుకుంటారు.

సృజన తన గదిలో ఉంది. ఏడవలేదు.

ఫిబ్రవరి 27

శవం రావడానికి కాగితాలు కావాలట. కంపెనీ వాళ్లు రేపు అంటారు, ఎల్లుండి అంటారు.

ఆడబిడ్డ భర్త మంచికే అనుకొని, తలుపు మీది గడియారం ముల్లు తిప్పి మన టైముకు పెట్టాడు. అది కనబడితే ముసలామెకు యాదికొస్తదని. అత్తమ్మ చూసింది. "ఎవరు తిప్పిన్రు?" అంది. "వాడింక ఆడనే ఉన్నడు గదా. వచ్చెదాక వాని టైము వానికుండనియ్యున్రి." ఆడబిడ్డ భర్త మళ్లీ స్టూలు ఎక్కి గంటన్నర వెనక్కి తిప్పాడు. తిప్పుతున్నంతసేపు అత్తమ్మ కింద నిలబడి చూసింది.

మార్చి 1

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

మార్చి 4

వచ్చాడు. పొద్దున శంషాబాద్‌లో దిగాడు, మధ్యాహ్నానికి ఊళ్లో ఉన్నాడు. ముత్యం వెంట వచ్చాడు. పెట్టె తెరిచి ముఖం కాసేపే చూడనిచ్చారు. బుగ్గలు నల్లబడ్డాయి, మీసం మాత్రం అట్లాగే ఉంది. నేను చూశాను. అత్తమ్మ చూసి, "గింత బక్కగైనవేందిరా" అని అడిగింది, బతికున్న కొడుకును అడిగినట్టు.

సృజనను రమ్మంటే గడప దాటలేదు. ఆడవాళ్లు చేతులు పట్టి గుంజినా రాలేదు. గోదావరికి తీసుకుపోయేటప్పుడు కూడా గడపలోనే నిలబడింది. కంట్లో చుక్క లేదు.

మార్చి 6

ఇవాళ మూడోరోజు. పిట్టకు పెట్టాం. గోదారి ఒడ్డున ఆకులో అన్నం, కోడికూర, ఆయనకు ఇష్టమని చింతకాయ తొక్కు. కాకులు చెట్టు మీద ఉన్నాయి, దిగడం లేదు. ఎండ ఎక్కింది. మనసుల ఏదో కోరిక మిగిలిందని పెద్దవాళ్లు అన్నారు. ఒక్కొక్కరే దండం పెట్టి చెప్పారు. నీ తల్లిని చూసుకుంటం, నీ భార్యను చూసుకుంటం, తిను. కాకులు దిగలేదు. నేను ఇలాంటివి నమ్మను. అయినా చెట్టు మీదినుంచి చూపు తిప్పలేదు.

అత్తమ్మ సృజన దగ్గరికి పోయింది. "నువ్వొక్కమాట చెప్పు బిడ్డా. నీ మాటకు తింటడు."

సృజన తల అడ్డంగా ఊపింది. చివరికి ఆకు అట్లాగే గోదారిలో కలిపారు.

సాయంత్రం చంద్రుడు మళ్లీ గురుడి దగ్గరికి వచ్చాడు. ఎవరం ఫోటో తీయలేదు.

మార్చి 14

పదకొండోరోజు అయిపోయింది. చుట్టాలు వెళ్లిపోయారు. "పిల్ల ఏడుస్తలేదు జమునా" అని అత్తమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పింది. "లోపట్నే పెట్టుకున్నది. గట్ల ఉండొద్దు. పిల్లకు ఏమన్న అయితది." నాకు తెలియదా? అది తింటోంది, బడికి వస్తానంటోంది, హోంవర్కు చేస్తోంది. రాత్రి దాని పక్కన పడుకుంటే కళ్లు తెరుచుకునే ఉంటోంది. మల్లేష్ పోయాడు. ఇది కూడా నా చెయ్యి దాటిపోతుందేమోనని భయంగా ఉంది.

మార్చి 17

బడికి పోయాం. రామచంద్రం సారు వచ్చి ఏమో చెప్పబోయి, రిజిస్టరులో సంతకం పెట్టమన్నారు. మూడో పీరియడ్‌లో కాంతి పాఠం చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు.

మార్చి 20

ముత్యం ఇచ్చిన ఆయన ఫోను ఇన్నాళ్లూ బీరువాలో ఉంది. ఈ రోజు సృజన అడిగింది, బాపు ఫోనుల ఏమేమున్నయి అని. ఇచ్చాను. ప్రాక్టీసు చంద్రుళ్లన్నీ ఒక్కొక్కటే చూసింది. ముత్యం తలకాయ ఉన్నది చాలాసేపు చూసింది. నాకు ఆశ పుట్టింది, ఇప్పుడు ఏడుస్తుందని.

ఫోను బోర్లా పెట్టి అంది, "టైముకు రావంటి గదా. ఏప్రిల్‌ల రావాల్సినోడు ముందుగాల్నే వచ్చిండు."

గొంతులో ఏమీ లేదు, అటెండెన్స్ చెప్పినట్టు చెప్పింది. నీ మాటకు కాదు బిడ్డా, గుండెకు ఏదో అయ్యింది అన్నాను. "తెలుసు" అంది. తెలిసినా దానికి ఉపయోగం లేదు. ఆయనతో దాని చివరి మాట అదే. దాన్ని నేను ఎట్లా తీసేయాలి?

మార్చి 23, ఆదివారం

దానికి ఏదో ఒకటి ఇవ్వాలని ఆ తప్పు ఫోటోలు ముందు పెట్టుకొని కూర్చున్నాను. సృజన తన ఫోటోతో పాటు ఆయనదీ చెరిపేసింది గాని, నా ఫోనులో రెండూ ఉన్నాయి. లెక్క సరిచేయొచ్చు అనుకున్నాను. ఇద్దరికీ నడుమ గంటన్నర తేడా ఉంది. ఆ గంటన్నరలో చంద్రుడు తనంతట తాను ఎంత జరుగుతాడో తెలిసిందే. అది తీసేస్తే మిగిలేది మా రెండు చోట్ల ఎడం వల్ల వచ్చిన జరుగుడు. దాంతో దూరం వస్తుంది. ఇదిగో, మీ బాపు ఫోటో పనికొచ్చింది అని చూపించొచ్చు.

తీసేశాను. ఏమీ మిగలలేదు. స్కేలు మీద గీత మందం కూడా లేదు. దాంతో భాగిస్తే చంద్రుడు ఎక్కడో నక్షత్రాల అవతలికి పోయాడు. మళ్లీ చేశాను. మళ్లీ అదే. ఆయన ఫోటో ఇందుకూ పనికిరాదా అని ఏడ్చాను. లెక్క తప్పినందుకు ఏడ్చానో, దేనికి ఏడ్చానో. ఎప్పుడో ఏడుపు ఆగాక, ఎందుకు మిగలలేదు అని మామూలుగా, టీచరులాగా ఆలోచించాను. అప్పుడు అర్థమైంది. నిన్న బడి నుంచి దుమ్ము దులపడానికని తెచ్చిన గ్లోబు మూలకు ఉంది. తెచ్చి చూసుకున్నాను. నిజమే.

సృజనను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టాను. ధర్మపురి ఉండే చోట ఒక బొట్టుబిళ్ల, మస్కట్ మీద ఒకటి అంటించాను. పెన్సిలు మొనను ధర్మపురి మీదికి చూపి గాల్లో కదలకుండా పట్టుకున్నాను.

"ఎనిమిదిన్నరకు మనం నిలవడ్డ చోటు ఇది. పెన్సిలు జరుగది. ఇగ భూమిని గంటన్నర తిప్పు."

"ఎంత?"

"గంటకు పదిహేను డిగ్రీలు. నువ్వే చూసుకో."

నిదానంగా తిప్పింది. ధర్మపురి పెన్సిలు కిందినుంచి తూర్పుకు జరిగిపోయింది. పడమటినుంచి మస్కట్ వచ్చింది. వచ్చి, పెన్సిలు మొనకు కొంచెం పైన ఆగింది. సృజన చెయ్యి గ్లోబు మీదే ఉండిపోయింది.

"చంద్రుని దూరం తెల్వాలంటే చూసే ఇద్దరి నడుమ ఎడం ఉండాలె" అన్నాను. "మన లెక్కల ఎడం లేదు బిడ్డా. గందుకే తేలలే. మనం ఏడ నిలవడి చూసినమో, బాపు గంటన్నరకు ఆడికే వచ్చి నిలవడి చూసిండు."

"మన వాకిట్లకా?"

"జర ఉత్తరాన. ఆకాశం లెక్కల మన వాకిలే."

గ్లోబును వెనక్కి తిప్పింది, మళ్లీ ముందుకు తిప్పింది. మస్కట్ మళ్లీ వచ్చింది. మళ్లీ తిప్పింది.

"నేను లోపటికి వోయిన" అంది. "బాపు రాంగనే నేను లోపటికి వోయిన అమ్మా."

ఆ గొంతులోంచి వచ్చిన ఏడుపు నేను ఎన్నడూ వినలేదు. గ్లోబు అరుగు మీదినుంచి దొర్లి వాకిట్లో పడింది. అత్తమ్మ లోపలినుంచి ఉరికొచ్చి, "ఏమైంది, ఎందుకేడిపిస్తున్నవ్ పిల్లను" అంటూ దాన్ని పట్టుకోబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఏడ్వనీ అత్తమ్మా" అన్నాను. "వాళ్ల బాపు వచ్చిండు."